మంచి బాక్టీరియా మందుల షాపులో దొరకదు

కర్నూలు, కడప జిల్లాల్లో పసిబిడ్డకు బేదులు పట్టుకుంటే ఇప్పుడు ఏం జరుగుతుందో అందరికీ తెలుసు. తల్లి బిడ్డను చంకనేసుకుని ఊళ్లోని ఆర్‌ఎంపీ దగ్గరికో, నేరుగా మెడికల్ షాపుకో పోతుంది. ఒక యాంటీబయోటిక్ సిరప్పు ఇస్తారు. దాని వెంట నాలుగైదు పొడి పొట్లాలు, లేదంటే చిన్న ప్లాస్టిక్ గొట్టాల్లో మందు. "ఇందులో మంచి బాక్టీరియా ఉంటుందమ్మా, కడుపులోని చెడ్డదాన్ని అణిచేస్తుంది" అంటారు. ఇంటికొచ్చాక అవ్వ తన మాట కలుపుతుంది: "రెండు దినాలు పాలియ్యాకమ్మా, కడుపు ఎండనీ, అదే కట్టుకుంటది."

అవ్వ మాటను మూఢనమ్మకమని చదువుకున్నవాళ్లు ఇట్టే తోసేస్తారు. పొడి పొట్లాన్ని మాత్రం సైన్సు అనుకుంటారు. పేగుల్లో మంచి, చెడు బాక్టీరియాల తూకం తప్పితే బేదులు వస్తాయట, మంచిదాన్ని కొని తాగిస్తే తూకం సరిపోతుందట. ఆశా కార్యకర్త ఊరికే ఇచ్చే ఓఆర్ఎస్ పొట్లం నాసిరకమని, డబ్బు పెట్టి కొన్న బాక్టీరియానే అసలు మందని నమ్మే దాకా వచ్చింది.

నేను ఈ అభిప్రాయాన్ని ఒప్పుకోను. ఇందులో సగం నిజం ఉంది కాబట్టే ఇది ప్రమాదకరం. పసిపేగులో బాక్టీరియాకు గొప్ప పాత్ర ఉందన్నది నిజం. దాన్ని షాపులో కొని తెచ్చి బేదులు కట్టించవచ్చన్నది తప్పు. ఈ తప్పు వల్ల బిడ్డకు వెంటనే అందాల్సిన నీళ్లు, ఉప్పు, తిండి వెనక్కి పోతున్నాయి. ఊరికి అందాల్సిన శుభ్రమైన నీళ్ల గురించి అడిగే గొంతు కూడా తగ్గిపోతోంది.

పొడి పనిచేసినట్టు ఎందుకు కనబడుతుందో ముందు చూద్దాం. పసిపిల్లల్లో నీళ్ల విరేచనాలకు పెద్ద కారణం రోటా వైరస్. అది చిన్నపేగు లోపలి పొరలోని కణాలను దెబ్బతీస్తుంది. ఆ పొర మామూలుగానే మూడు నుంచి ఐదు రోజులకొకసారి కొత్తదవుతూ ఉంటుంది. దెబ్బతిన్న కణాలు రాలిపోయి కొత్తవి రాగానే నీళ్లను పీల్చుకునే శక్తి తిరిగి వస్తుంది. అందుకే ఎక్కువమంది పిల్లలకు ఏ మందూ లేకపోయినా వారంలోపు బేదులు తగ్గుముఖం పడతాయి. తల్లి షాపుకు పోయేది రెండో రోజో మూడో రోజో, బిడ్డ బాగా నీరసించినప్పుడు. ఆ మర్నాటికి తగ్గితే పేరు పొడికి వస్తుంది. అదే రోజు తాయెత్తు కట్టించి ఉంటే పేరు తాయెత్తుకు వచ్చేది. ఈ చిక్కు తెలుసు కాబట్టే వైద్య పరిశోధకులు సగం మంది పిల్లలకు మందు, మిగతా సగానికి అచ్చం అలాగే కనబడే ఉత్తి పొడి ఇచ్చి, ఎవరికి ఏది ఇచ్చారో ఇచ్చేవాళ్లకు కూడా తెలియకుండా దాచి, చివర్లో లెక్క తీస్తారు.

ఆ లెక్క తీశారు కూడా. 2018లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ ఒకే సంచికలో రెండు పెద్ద పరిశోధనలు ప్రచురించింది. ఒకటి అమెరికాలోని పది ఆసుపత్రుల్లో 971 మంది పిల్లల మీద, రెండోది కెనడాలో 886 మంది మీద. వాంతులు, బేదులతో అత్యవసర విభాగానికి వచ్చిన మూడు నెలల నుంచి నాలుగేళ్ల లోపు పిల్లలు వీళ్లు. ప్రపంచమంతా ఎక్కువగా అమ్ముడుపోయే లాక్టోబాసిల్లస్ రకాలనే వాడారు. అమెరికా పరిశోధనలో బాక్టీరియా తాగిన పిల్లలకు బేదులు 49.7 గంటలు సాగాయి, ఉత్తి పొడి తాగినవాళ్లకు 50.9 గంటలు. కెనడాలోనూ తేడా లేదు. 2020లో కోక్రేన్ సంస్థ అప్పటిదాకా వచ్చిన 82 పరిశోధనలను, 12,127 మంది వివరాలను కలిపి చూసింది. రెండు రోజులకు మించి బేదులు సాగకుండా ఆపడంలో ఈ పొడుల వల్ల తేడా బహుశా లేదు, ఉన్నా చాలా కొంచెమే అని తేల్చింది. అదే సంస్థ 2010లో, ఇవి బేదులను దాదాపు ఒక రోజు తగ్గిస్తాయని చెప్పింది. చాలామంది డాక్టర్ల మనసులో ఇంకా ఆ పాత మాటే ఉండిపోయింది. వాళ్లను నేను తప్పుపట్టను. కానీ ఆధారం మారినప్పుడు చీటీ మీద రాత కూడా మారాలి.

"అవి అమెరికా పిల్లల కడుపులు, మన పిల్లల సంగతి వేరు" అనే వాదన వస్తుంది. అది తోసేయాల్సిన వాదన కాదు. మన దేశంలోనే రెండు పెద్ద ప్రయత్నాలు జరిగాయి, రెండూ పొడి పక్షానే మాట్లాడతాయి. కోల్‌కతా మురికివాడల్లో ఒకటి నుంచి ఐదేళ్ల వయసున్న 3,758 మంది పిల్లలకు పన్నెండు వారాల పాటు రోజూ ఒక సీసా తాగించారు. సగం మందికి లాక్టోబాసిల్లస్ ఉన్న పానీయం, సగం మందికి లేనిది. బాక్టీరియా తాగినవాళ్లలో బేదులు 14 శాతం తగ్గాయి. గమనించండి, అది వచ్చిన బేదులను ఆపడం కాదు, రాకుండా చూసుకోవడానికి మూడు నెలలు రోజూ తాగించడం. అయినా తగ్గింది వందకు పద్నాలుగే.

ఒడిశాది ఇంకా గొప్ప పరిశోధన. పినాకి పాణిగ్రాహి బృందం పల్లెల్లో 4,556 మంది నవజాత శిశువుల మీద చేసింది, 2017లో నేచర్ పత్రికలో వచ్చింది. పుట్టిన కొద్ది రోజుల్లోనే ఏడు రోజుల పాటు లాక్టోబాసిల్లస్ ప్లాంటారమ్ అనే ఒక ప్రత్యేక రకాన్ని, దానికి ఆహారమయ్యే ఒక రకం చక్కెరతో కలిపి ఇచ్చారు. రక్తంలో ఇన్‌ఫెక్షన్ గానీ మరణం గానీ 40 శాతం తగ్గాయి. ఇలాంటి ఫలితాన్ని చూసి సంతోషించని వాడుండడు. అయితే ఆ రకాన్ని ఎంత జాగ్రత్తగా ఎంచుకున్నారో చూడాలి. పసిపేగులో చాలాకాలం నిలవగల జాతి ఏదో ముందే పరీక్షించి, దాని తిండి దానికి తోడు పెట్టి, తల్లిపాలు తాగుతున్న ఆరోగ్యమైన బిడ్డలకు, సరిగ్గా ఆ వయసులోనే ఇచ్చారు. కర్నూలు మెడికల్ షాపులో పదహారు నెలల పిల్లాడికి యాంటీబయోటిక్‌తో కలిపి ఇచ్చే పొట్లానికి, ఒడిశా పరిశోధనకు పేరులో తప్ప పోలిక లేదు. ఒక రకం సాధించిన పేరును ఇంకో రకానికి, ఒక వయసులో చేసిన మేలును ఇంకో వయసుకు అంటగట్టకూడదు.

ఇంకొక్కటి ఒప్పుకోవాలి. యాంటీబయోటిక్ వాడటం వల్లే వచ్చే విరేచనాలను కొన్ని రకాల పొడులు కొంతవరకు ఆపుతాయనడానికి ఆధారం ఉంది. అయితే ఆ యాంటీబయోటిక్ అసలు అవసరమేనా అన్న ప్రశ్న దానికి ముందే అడగాలి.

యల్లాప్రగడ సుబ్బారావు పేరు తలవకుండా తెలుగువాళ్లం యాంటీబయోటిక్ గురించి మాట్లాడకూడదు. స్ప్రూ అనే పేగుజబ్బు ఆయన సోదరులను బలి తీసుకుంది. ఆయన అమెరికా వెళ్లి, లెడర్లీ పరిశోధనశాలకు నాయకత్వం వహించి, 1948లో టెట్రాసైక్లిన్ జాతిలో మొదటిదైన ఆరియోమైసిన్‌ను లోకానికి అందించిన బృందాన్ని నడిపించాడు. అది ఎందరి ప్రాణాలు నిలబెట్టిందో. అంత విలువైన ఆయుధాన్ని ఈరోజు మనం వైరస్ బేదుల మీద ఖర్చు పెడుతున్నాం. వైరస్‌ను యాంటీబయోటిక్ తాకలేదు, పేగులో కాపురమున్న మేలు చేసే బాక్టీరియాను మాత్రం నరుకుతుంది. భారతదేశంతో సహా ఏడు దేశాల్లో ఎనిమిది వేలకు పైగా పిల్లల మీద అజిత్రోమైసిన్‌ను పరీక్షించి 2021లో ఫలితాలు ప్రకటించారు. నెత్తురు పడని నీళ్ల విరేచనాలతో నీరసించిన, లేదా బక్కచిక్కిన పిల్లలు వీళ్లంతా. ఆరు నెలల పాటు గమనిస్తే, మందు తాగినవాళ్లలో, తాగనివాళ్లలో మరణాల తేడా కనబడలేదు.

యాంటీబయోటిక్ కావలసిన సందర్భాలు లేకపోలేదు. బేదుల్లో నెత్తురు పడుతుంటే, కలరా అనుమానం ఉండి బిడ్డ బాగా ఎండిపోతే, తీవ్రమైన పోషకాహార లోపం ఉంటే డాక్టరు చూసి ఇవ్వాల్సిందే. కళ్లు లోతుకు పోయినా, మూత్రం ఆగినా, కడుపు మీద చర్మం పట్టి వదిలితే మెల్లగా వెనక్కి పోతున్నా, బిడ్డ మత్తుగా పడి ఉన్నా, తాగలేకపోతున్నా ఒక్క గంట కూడా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకుపోవాలి. కర్నూలు పెద్దాసుపత్రి, కడప రిమ్స్ ఉన్నది అందుకే. మోషన్లు కట్టేసే మాత్రలు మాత్రం పసిపిల్లలకు ఎన్నడూ వేయకూడదు. అవి పేగు కదలికనే ఆపేస్తాయి, రోగం లోపలే ఉండిపోతుంది.

ఇక అసలు ప్రశ్న. మంచి బాక్టీరియా పొట్లంలో రాకపోతే మరి ఎక్కడి నుంచి వస్తుంది?

1885లో థియోడోర్ ఎషెరిష్ అనే పిల్లల వైద్యుడు మ్యూనిక్‌లో నవజాత శిశువుల మలాన్ని రోజురోజూ సూక్ష్మదర్శిని కింద పెట్టి చూశాడు. పుట్టిన కొద్ది గంటల్లోనే బాక్టీరియా చేరడం గమనించాడు. ఈ-కొలైకి ఆయన పేరే వచ్చింది. 1900 ప్రాంతంలో పారిస్‌లోని పాశ్చర్ సంస్థలో హెన్రీ టిస్సియే, తల్లిపాలు తాగే బిడ్డల పేగుల్లో రెండుగా చీలిన కొమ్మలాంటి ఆకారమున్న ఒక జాతి నిండా ఉండటం చూశాడు. ఇప్పుడు దాన్ని బిఫిడోబాక్టీరియం అంటున్నాం. ఆ జాతి అక్కడే ఎందుకు రాజ్యమేలుతుందో తెలియడానికి చాలాకాలం పట్టింది. తల్లిపాలలో ఘనపదార్థాల్లో పాలచక్కెర, కొవ్వుల తరవాత మూడో స్థానం కొన్ని సంక్లిష్టమైన చక్కెరలది. వందకు పైగా రకాలున్నాయి. వాటిని బిడ్డ తన సొంత శక్తితో అరిగించుకోలేదు. బిడ్డ తినలేని తిండిని తల్లి శరీరం ఇంత శ్రమపడి ఎందుకు తయారు చేస్తుంది? అది బిడ్డ కోసం కాదు, బిడ్డ పేగులోని బిఫిడోబాక్టీరియా కోసం. అవి ఆ చక్కెరలు తిని ఆమ్లాలు వదులుతాయి. ఆ ఆమ్లంలో రోగం తెచ్చే జాతులు పెరగలేవు. పైగా కొన్ని చక్కెరలు పేగు గోడకు అంటుకోబోయే క్రిములను దారి మళ్లించి బయటికి నెట్టేస్తాయి.

మందుల షాపు పొడి ఓడిపోయేది ఇక్కడే. తిండి పెట్టకుండా బాక్టీరియాను పోయడం దుక్కి దున్నని చేలో, వానలేని కార్తెలో విత్తనం చల్లడమే. ఈ సీమ రైతుకు ఆ సంగతి ఇంకొకరు చెప్పాల్సిన పని లేదు.

కానీ మనం చేస్తున్నదేమిటి? పుట్టగానే ముర్రుపాలకు బదులు తేనె నాకిస్తాం, చక్కెర నీళ్లు పోస్తాం. కొన్ని ఇళ్లలో ఆముదం పడతారు, వస అరగదీసి పోస్తారు. అన్నిటికన్నా మన ప్రాంతానికి ప్రత్యేకమైన పొరపాటు ఇంకొకటుంది. ఏప్రిల్, మే నెలల్లో కర్నూలు, కడపల్లో ఎండ నలభై డిగ్రీలు దాటుతుంది. "ఇంత ఎండలో బిడ్డకు గొంతు ఆరిపోదా" అని మూడు నెలల పసికందుకు ఉగ్గుగిన్నెతో నీళ్లు పోస్తారు. ప్రేమతోనే పోస్తారు. తల్లిపాలలో 88 శాతం నీళ్లే. ఆరు నెలల దాకా ఎంత ఎండలోనైనా బిడ్డకు వేరే నీళ్లు అక్కర్లేదు, తల్లి నీళ్లు బాగా తాగి, బిడ్డకు ఇంకొన్నిసార్లు పాలిస్తే చాలు. బయటి నీళ్ల చుక్క పడిందంటే బిడ్డకు రెండు నష్టాలు. దాహం తీరిపోయి పాలు తక్కువ తాగుతుంది, ఆ నీళ్లలోని క్రిములు నేరుగా పేగులోకి పోతాయి.

బేదుల్లో పాలు మానిపించడం ఇంకా పెద్ద నష్టం. కడుపు ఎండబెడితే పేగు లోపలి పొర ఇంకా సన్నబడుతుంది, కొత్త కణాలు రావడానికి ఆధారమే ఉండదు. బిఫిడోబాక్టీరియాకు తిండి ఆగిపోతుంది. బేదుల్లో తల్లిపాలు ఎక్కువసార్లు ఇవ్వాలి. ఆరు నెలలు దాటిన పిల్లలకు మెత్తని అన్నం, పప్పు, పెరుగు, అరటిపండు కొంచెం కొంచెంగా పెడుతూనే ఉండాలి. తగ్గాక రెండు వారాల పాటు రోజూ ఒక పూట తిండి అదనంగా పెట్టాలి. "పళ్లొస్తున్నాయి, అందుకే మోషన్లు" అని ఊరుకోవడం కూడా పనికిరాదు. పళ్లు మొలిచే ఈడు, బిడ్డ నేల మీద పాకి, దొరికిందల్లా నోట్లో పెట్టుకునే ఈడు ఒకటే. తల్లి కడుపులో ఉన్నప్పుడు అందిన రక్షణ కూడా అప్పటికి తగ్గిపోతుంది. తప్పు పళ్లది కాదు.

బేదుల్లో బిడ్డను చంపేది బాక్టీరియా తూకం తప్పడం కాదు, ఒంట్లోని నీళ్లు, ఉప్పు పోవడం. దానికి మందు మన కళ్ల ముందే తయారైంది. 1971లో బంగ్లాదేశ్ యుద్ధ కాలంలో బంగావ్ శరణార్థి శిబిరంలో కలరా వచ్చి మనుషులు నేల మీద వరసగా పడి ఉన్నారు. ఎక్కించడానికి సెలైన్ అయిపోయింది. దిలీప్ మహలనబిస్ అనే పిల్లల డాక్టరు ఉప్పు, గ్లూకోజ్, వంటసోడా కలిపిన నీళ్లను డ్రమ్ముల్లో పెట్టి, రోగుల బంధువుల చేతే తాగించాడు. అలాంటి పరిస్థితిలో 30 శాతం దాకా పోయే మరణాలు 4 శాతం లోపుకు దిగాయి. లాన్సెట్ పత్రిక 1978లో, ఈ శతాబ్దపు అతి ముఖ్యమైన వైద్య పురోగతి ఇదే కావచ్చునని రాసింది. ఆయన 2022లో పోయాక, 2023లో దేశం పద్మవిభూషణ్ ఇచ్చింది.

ఆ ఉప్పు, గ్లూకోజ్ నీళ్లే ఇప్పటి ఓఆర్ఎస్. ఇది ఎలా పనిచేస్తుందో తెలిస్తే ఆ పొట్లం మీద నమ్మకం పెరుగుతుంది. పేగు గోడలో ఉప్పును, గ్లూకోజ్‌ను జంటగా లోపలికి లాగే ఒక వాకిలి ఉంది. ఆ రెండూ లోపలికి పోతే నీళ్లు వాటి వెంట పోతాయి. బేదులు ఎంత ఉధృతంగా ఉన్నా ఈ వాకిలి మూసుకోదు. అయితే పాళ్లు కుదరాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం లీటరు నీళ్లలో 2.6 గ్రాముల ఉప్పు, 13.5 గ్రాముల గ్లూకోజ్, 1.5 గ్రాముల పొటాషియం క్లోరైడ్, 2.9 గ్రాముల సిట్రేట్ ఉండాలి. చక్కెర ఎక్కువైతే అది నీళ్లను ఒంట్లోకి కాకుండా ఒంట్లో నుంచి పేగులోకి లాగుతుంది, బేదులు పెరుగుతాయి. దీని మీదే హైదరాబాదు పిల్లల వైద్యురాలు శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడారు. పండ్ల రసం డబ్బాల మీద ఓఆర్ఎస్ అని ముద్రించి అమ్ముతుంటే, అందులో చక్కెర ఉండాల్సిన దానికి ఎన్నో రెట్లు ఉంటుంటే, ఆమె తెలంగాణ హైకోర్టు దాకా వెళ్లారు. 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రత సంస్థ, ప్రమాణాల ప్రకారం లేని పానీయాల మీద ఆ పేరు వాడకూడదని ఉత్తర్వు ఇచ్చింది. ఒక్క డాక్టరమ్మ పట్టుదల ఇంత పని చేయగలిగింది.

ఒక లీటరు ఓఆర్ఎస్ పొట్లాన్ని లీటరు నీళ్లలోనే కలపాలి, సగం సగం చేయకూడదు. రెండేళ్ల లోపు పిల్లలకు ప్రతి విరేచనం తరవాత 50 నుంచి 100 మిల్లీలీటర్లు, అంతకన్నా పెద్దవాళ్లకు దానికి రెట్టింపు. వాంతి చేసుకుంటే పది నిమిషాలాగి చెంచాతో మెల్లగా మళ్లీ పట్టాలి. ఓఆర్ఎస్‌తో పాటు ఇచ్చే జింక్ మాత్ర ఆరు నెలలు దాటిన పిల్లలకు రోజుకు 20 మిల్లీగ్రాములు, అంతకన్నా చిన్నవాళ్లకు 10, బేదులు తగ్గినా పద్నాలుగు రోజులూ ఆపకూడదు. ఈ రెండూ మన ఆశా కార్యకర్తల దగ్గర ఉచితంగా దొరుకుతాయి. అయినా 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, దేశం మొత్తం మీద బేదులు పట్టిన పిల్లల్లో ఓఆర్ఎస్ అందింది 60.6 శాతానికి, జింక్ అందింది 30.5 శాతానికే. పదిమందిలో ఏడుగురికి జింక్ లేదు. పొడి పొట్లాలు మాత్రం ప్రతి షాపులో ఉన్నాయి.

ఎందుకిలా? పక్కనున్న కర్ణాటకలోను, బీహారులోను రెండు వేలకు పైగా ప్రైవేటు వైద్యుల మీద చేసిన పరిశోధన 2024లో సైన్స్ పత్రికలో వచ్చింది. ఓఆర్ఎస్ రాయకపోవడానికి సరుకు లేకపోవడమో, లాభం తక్కువ కావడమో పెద్ద కారణాలు కావని తేలింది. తల్లిదండ్రులు ఓఆర్ఎస్ కోరుకోరు, "నిజమైన మందు" కావాలంటారని వైద్యులు అనుకోవడమే అన్నిటికన్నా పెద్ద కారణం. అదే తల్లిదండ్రులు తామే ఓఆర్ఎస్ అడిగితే రాసేవాళ్ల సంఖ్య గట్టిగా పెరిగింది. ఈ ఒక్క ఫలితం నాకు చాలా ఆశ కలిగించింది. ఆదోని తల్లి, ప్రొద్దుటూరు తల్లి నోరు తెరిచి "డాక్టర్ గారూ, బిడ్డకు ఓఆర్ఎస్, జింక్ రాయండి" అంటే చీటీ మారుతుంది.

ఇప్పుడు మన నేల గురించి చెప్పుకోవాల్సిన మాట ఒకటుంది. పేగులోని బాక్టీరియాను బాగుచేయడానికి ఇటీవలి సంవత్సరాల్లో జరిగిన అతి మంచి ప్రయత్నం పొడిది కాదు, తిండిది. ఢాకాలో తహ్మీద్ అహ్మద్, అమెరికాలో జెఫ్రీ గోర్డన్ కలిసి, బక్కచిక్కిన పిల్లల పేగుల్లోని బాక్టీరియా వాళ్ల వయసుకు తగినట్టు ఎదగకుండా వెనకబడి ఉంటుందని 2014లో చూపించారు. తరవాత ఆ వెనకబడిన జాతులు ఏ తిండికి పెరుగుతాయో ఒక్కొక్కటీ వెతికారు. చివరికి తేలినవి నాలుగు: శనగపిండి, వేరుశనగ, పచ్చి అరటికాయ, సోయా. ఢాకాలోని మీర్పూర్‌లో 12 నుంచి 18 నెలల పిల్లలకు ఈ నాలుగింటితో చేసిన ముద్దను మూడు నెలలు పెట్టారు. మామూలుగా వాడే చికిత్సాహారం కన్నా ఇందులో శక్తి తక్కువే. అయినా పిల్లలు దానికన్నా బాగా బరువు పెరిగారు, ఎదుగుదలకు తోడ్పడే బాక్టీరియా పెరిగింది. 2021లో ఈ ఫలితం వచ్చింది. పరీక్షించిన పిల్లలు నూటా ఇరవై మంది లోపే. దీన్ని అతిగా పొగడను, ఇది బేదులకు మందు అనీ చెప్పను. కానీ దారి ఎటుందో చూపించింది.

ఆ నాలుగింటిలో మూడు మన చేలల్లో పండేవే. కోయిలకుంట్ల, జమ్మలమడుగు నల్లరేగళ్లలో శనగ. పత్తికొండ, డోన్ ఎర్రనేలల్లో బుడ్డలు. పులివెందులలో, మహానంది చుట్టూ అరటి. లారీలకు లారీలు బయటికి పోతాయి. ఆ పంట పండించే కూలీల పిల్లలు బక్కచిక్కి ఉంటారు. ఆంధ్రప్రదేశ్‌లో ఐదేళ్ల లోపు పిల్లల్లో 31.2 శాతం వయసుకు తగ్గ ఎత్తు లేరని అదే జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. అంగన్‌వాడీల్లో ఇచ్చే బాలామృతంలో గోధుమ, శనగపప్పు, పాలపొడి, చక్కెర, నూనె ఉంటాయి. అందులో చక్కెర తగ్గించి మెత్తగా నూరిన వేరుశనగ, ఎండబెట్టిన అరటికాయ పిండి కలిపి చూడమని కర్నూలు మెడికల్ కాలేజీని, కడప రిమ్స్‌ను, వ్యవసాయ విశ్వవిద్యాలయాన్ని కలిపి ఒక పరీక్ష పెట్టించాలి. బాక్టీరియా పొట్లాలకు ఇళ్లు ఖర్చు పెడుతున్న డబ్బులో కొద్ది భాగం దీనికి చాలు.

బాక్టీరియా తూకం కథ చేసే అతి పెద్ద హాని ఇంకొకటుంది. అది నేరాన్ని బిడ్డ కడుపులో పెడుతుంది. 2021 ఏప్రిల్‌లో ఆదోని అరుణజ్యోతి నగర్‌లో, పాణ్యం మండలం గోరుకల్లులో ఒకేసారి అతిసారం చెలరేగింది. పదుల మంది ఆసుపత్రుల పాలయ్యారు, ప్రాణాలు పోయాయి. ఒక వీధిలోని వాళ్లందరి పేగుల్లో ఒకేరోజు తూకం తప్పిందా? వేళ్లన్నీ తాగునీటి వైపే చూపాయి. గోరుకల్లు ఎలాంటి ఊరో గుర్తుంచుకోవాలి. శ్రీశైలం కుడి బ్రాంచి కాలువ మీద కట్టిన పెద్ద రిజర్వాయరు ఆ ఊరి పేరుతోనే ఉంది. అంత నీళ్లు పక్కనున్న ఊరికి తాగడానికి నమ్మకమైన బిందెడు నీళ్లు లేకపోయాయి.

మన పట్టణాల్లో నీళ్లు రోజంతా రావు. కాలువలో నీళ్లున్నప్పుడు సమ్మర్ స్టోరేజి ట్యాంకు నింపి, రెండు మూడు రోజులకొకసారి గంటసేపు వదులుతారు. మిగతా వేళ పైపు ఖాళీ. ఖాళీ పైపులో ఒత్తిడి తగ్గిపోయి, పగులు ఉన్నచోట పక్కనున్న మురుగు లోపలికి పీల్చుకుంటుంది. మళ్లీ నీళ్లు వదలగానే మొదట వచ్చేది ఆ మురుగే. డబ్బున్న ఇల్లు మినరల్ వాటర్ క్యాన్ తెప్పించుకుంటుంది. ఆ నీళ్లలో క్లోరిన్ ఉండదు కాబట్టి, క్యాన్‌లో చెయ్యి పడిందంటే అవీ పాడే. ఇక కోసిగి, మంత్రాలయం, పత్తికొండ వైపు నుంచి మిరప కోతలకు గుంటూరుకు సుగ్గికి పోయే కుటుంబాలు పసిబిడ్డలను వెంటబెట్టుకుని పోతాయి. చేల గట్ల మీద గుడిసెల్లో బోరు నీళ్లే దిక్కు. ఆ తల్లికి "చేతులు కడుక్కోమ్మా" అని చెప్పడం తేలిక. చేతులు కడగడం మంచిదే, చెప్పాల్సిందే. కానీ అదొక్కటే చాలదని బంగ్లాదేశ్, కెన్యాల్లో ఇంటింటికీ సబ్బు, మరుగుదొడ్డి, క్లోరిన్ ఇచ్చి చేసిన పెద్ద పరిశోధనలు 2018లో చూపించాయి. బంగ్లాదేశ్‌లో బేదులు తగ్గాయి, కెన్యాలో తగ్గలేదు, వీటివల్లనే పిల్లల ఎదుగుదల మెరుగుపడటం ఎక్కడా కనబడలేదు. ఇంటి ముంగిట చేసే చిన్న సర్దుబాట్లతో పైపులోని మురుగు పోదు.

మంచి పని జరిగిన చోట ఒప్పుకోవాలి. రోటా వైరస్ టీకాను హైదరాబాదులోని భారత్ బయోటెక్ తయారుచేసింది. దాని మూలమైన వైరస్‌ను 1980లలో ఢిల్లీ ఎయిమ్స్‌లో, సోకినా జబ్బుపడని నవజాత శిశువుల నుంచి సేకరించారు. 2016లో ప్రభుత్వం ఈ టీకాను ఉచితంగా మొదలుపెట్టిన నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఆరు, పది, పద్నాలుగు వారాలకు చుక్కలు వేయిస్తారు. తీవ్రమైన రోటా బేదులను సగానికి పైగా ఆపుతుంది. మిగతా సగం మన చేతుల్లో, మన కుళాయిల్లో ఉంది.

కుళాయి నీళ్లలో కనీసం లీటరుకు 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలని జాతీయ ప్రమాణం చెప్తుంది. ట్యాంకు దగ్గర కొలిస్తే అది దాదాపు ఎప్పుడూ సరిపోతుంది, అందుకే ట్యాంకు దగ్గర కొలిచి రిజిస్టరులో రాసే పద్ధతి మారాలి. కొలవాల్సింది పైపు చివరి ఇంట్లో, నీళ్లు వదిలిన మొదటి పది నిమిషాల్లో. పరీక్ష కిట్టు చవక, ఏఎన్‌ఎంకూ ఆశా కార్యకర్తకూ ఒక పూటలో నేర్పవచ్చు. ఆ అంకెను తేదీతో సహా గ్రామ, వార్డు సచివాలయం గోడ మీద అందరికీ కనబడేలా రాయాలి. పక్కనే ఆ వారం ఆ వీధిలో ఎంతమంది పిల్లలకు బేదులు పట్టాయో, ఎంతమందికి ఓఆర్ఎస్, జింక్ అందాయో కూడా రాయాలి. క్లోరిన్ సున్నా వచ్చిన రోజు ఆ వీధికి ట్యాంకరు పంపి, పైపు తవ్వించి పగులు ఎక్కడుందో చూడాలి. ఆదోనిలో మొదలుపెట్టండి, గోరుకల్లులో మొదలుపెట్టండి, ఈ ఎండాకాలం రాకముందే.